వాల్చో మామయ్యను చంపిన గురువారాలు

వెనెట వాల్చో మామయ్యను మార్చిలో చంపేసింది. పాపం, ఆయన ఎవరికీ ఏ అపకారమూ చేసినవాడు కాదు. తన ఊళ్ళో ద్రాక్షతోట చూసుకుంటూ, పూటకో గ్లాసు రకియా సారా పుచ్చుకుంటూ గుండ్రాయిలా ఉన్నాడు. "నేను చస్తే నీకు సెలవు దొరుకుతుందంటే చంపెయ్యవే తల్లీ, నాకేం నొప్పా?" అని ఆయనే అన్నాడు. మేనకోడలంటే ఆయనకి అంత ప్రాణం.

వెనెటకి నలభై ఒకటి. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. ఆరు వారాలకోసారి జిల్లా ఆసుపత్రిలో మందు ఎక్కించుకోవాలి, అదీ గురువారమే. బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఎక్కించుకుంటే మామూలు మనిషే. తప్పితే కాళ్ళు మాట వినవు. నిరుడు ఓసారి తప్పింది. నెల రోజులు కర్ర పట్టుకుని తిరిగి, మెట్ల మీంచి పడ్డానని అందరి దగ్గరా బొంకింది.

నిజం చెప్పొచ్చు కదా అంటారేమో. మునుపు పక్క మిషను మీద కుట్టిన రోసిత్స చెప్పింది. షుగరుందనీ, నెలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ. అక్కడ ఉద్యోగం అంటే మూడు నెలలకోసారి పొడిగించే కాగితం. రోసిత్స కాగితం ఆ తర్వాత పొడిగించలేదు. ఎందుకని అడిగితే చెప్పాల్సిన పని లేదన్నారు. చట్టం ఏమంటుందో చట్టానికే తెలియాలి.

చావుకి మాత్రం అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. మామయ్య అంత్యక్రియలకి ఒక గురువారం, నలభయ్యో రోజు ప్రార్థనకి ఇంకో గురువారం, మూడు నెలల ప్రార్థనకి మరొకటి. ఆరు వారాల లెక్కకి అతికినట్టు సరిపోయాయి. ప్రతిసారీ మర్నాడు, పోయినవాళ్ళ పేరిట పంచే ఉడికించిన గోధుమల్లో చక్కెర, అక్రోటు పొడి కలిపి తెచ్చి, తన కుట్టు లైనులో పన్నెండు మందికీ పంచింది. "దేవుడాయన్ని క్షమించుగాక" అనుకుంటూ తలా ఒక చెంచా తిన్నారు. వెనెట కూడా తింది. ఆ ముద్ద గొంతు దిగలేదు.

ఇప్పుడు నాలుగో గురువారం మీద పడింది. ఎడమ పాదం అప్పుడే మొద్దుబారుతోంది. సోమవారం మధ్యాహ్నం లైను పెద్ద గిన్కా దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"గిన్కక్కా, గురువారం సెలవు కావాలి. మామయ్య ఆర్నెల్ల ప్రార్థన."

గిన్కా కత్తెర కింద పెట్టింది. మొగుడు పోయి పదకొండేళ్ళయింది. పోయినవాళ్ళ రోజులు ఆవిడకి కొట్టిన పిండి.

"మార్చి, ఏప్రిల్, మే..." అంటూ వేళ్ళు ముడిచింది. "ఇంకా అయిదు నెలలైనా నిండలేదే! మీ మామయ్యకి అంత తొందరేమిటే?"

"ఫాదరు గారు ఊళ్ళో ఉండరట అక్కా. అందుకని ముందే..."

"ముందే పెడితే శనివారం పెడతారు. మా ఆయనవి అన్నీ శనివారాలే. మీ మామయ్యవి మాత్రం అన్నీ గురువారాలేనా?" గిన్కా గొంతు తగ్గించింది. "ఇంకో సంగతి. మీ మామయ్య ఊరి బస్టాండులో మా చెల్లెలు టికెట్లు అమ్ముతుంది. మీ మామయ్య ఫోటోతో చావు కాగితం ఒక్క గోడ మీదా అంటించలేదట. ఆ కాగితం లేకుండా ఈ దేశంలో ఎవడు చచ్చాడే?"

అదీ వెనెట చేసిన పొరపాటు. గోధుమలైతే ఉడికించింది గానీ చావు కాగితం అచ్చు వేయించలేదు. బతికున్న మనిషి ఫోటో కింద ఆ మాటలు రాయించడానికి చెయ్యి రాలేదు.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పన్నెండు మందీ ఇటే చూస్తున్నారు.

"మామయ్య బతికే ఉన్నాడక్కా. జబ్బు నాకు," అంది వెనెట. మొదలుపెట్టాక ఆపలేకపోయింది. ఆసుపత్రి, మందు, కర్ర, అన్నీ చెప్పేసింది.

గిన్కా మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుంది. "బతికున్నవాడి గోధుమలు మా చేత తినిపించావా, పాపిష్టిదానా! మూడుసార్లు తిన్నానే!"

"నేనైతే మళ్ళీ అడిగి మరీ వేయించుకున్నాను," అంది వెనక మిషను సెవ్దా. ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

గిన్కా నవ్వలేదు. వెనెట పాదాల వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇకమీదట బతికున్నవాళ్ళ జోలికి పోకు," అంది చివరికి. "చచ్చినవాళ్ళు మా దగ్గర బోలెడుమంది. ఈ గురువారానికి మా ఆయన్ని వాడుకో. నాకు తోడుగా సమాధి దగ్గరికి వస్తున్నావని పైన యజమానికి నేను చెప్తాను."

"వచ్చేసారికి మా అత్తని ఇస్తాను," అంది సెవ్దా. "ఉన్నన్నాళ్ళూ ఒకరికి పనికొచ్చింది లేదు, ఇప్పుడైనా పనికొస్తుంది."

వెనెటకి ఏడుపొచ్చింది. సంతోషమనుకున్నారు వాళ్ళు. కొంత సంతోషమే. మిగతాది లెక్క. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో గురువారాలు. ఈ జబ్బు తనతోపాటే ముసలిదవుతుంది. లైనులో అందరి చచ్చినవాళ్ళనీ వాడుకున్నా ఎన్నాళ్ళు చాలుతారు? ప్రతిసారీ మళ్ళీ అబద్ధం, మళ్ళీ గొంతు దిగని ముద్ద.

కళ్ళు తుడుచుకుని సెలవు ఫారం తీసుకుంది. కారణం అన్నచోట జబ్బు పేరు పూర్తిగా రాసింది.

"పిచ్చిదానా, రోసిత్స సంగతి మరిచిపోయావా?" అంది గిన్కా.

"మరిచిపోలేదక్కా."

రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. పై అంతస్తులో యజమాని ఫోన్లోంచి తల ఎత్తకుండానే పెన్ను తీశాడు. "మళ్ళీ ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదండీ. నేను పోకుండా ఉందామని."

పెన్ను ఆగింది. ఆయన ఫారం చదివాడు. ఇంకోసారి చదివాడు. సంతకం పెట్టి తోశాడు. "గురువారం వెళ్ళిరా. ఉద్యోగం కాగితం సంగతి నెలాఖరుకి చూద్దాం." రోసిత్సతోనూ సరిగ్గా ఇదే మాట అన్నాడు.

వెనెట ఫారం తీసుకుంది. అయినా కదల్లేదు.

"ఆరు వారాల తర్వాత మళ్ళీ గురువారం వెళ్ళాలండీ," అంది. "ఆ తర్వాత ఇంకో ఆరు వారాలకి కూడా. ఆ ఫారాలు కూడా ఇప్పుడే ఇప్పించండి."