లడాయి సాబ్ గీసిన ముఖం

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇందులో పేర్లు కూడా మార్చాను. ఈ మాటను మోయడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. మొదట్లో బరువుగా ఉండేది. పోనుపోను బరువు తెలియడం మానేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తిమ్మిరెక్కిన కాలు మనదేనని తెలుస్తుంది గానీ మనదిలా అనిపించదు. నాకు లోపలంతా అలాగే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకుని ఇవాళ కూర్చున్నాను.

నేను డ్రాయింగ్ మాస్టారిని. దేవరకొండ దగ్గర ఒక బడిలో చాలాకాలం పనిచేశాను. పిల్లలకు కుండ, మామిడికాయ, జెండా గీయడం నేర్పాను. నా సొంత బొమ్మలు ఎవరికీ పట్టలేదు, పట్టేంత గొప్పగానూ లేవు. రాష్ట్రం వచ్చిన కొత్తలో మన దగ్గర మరుగున పడ్డవాళ్ళను వెతికి పుస్తకాలు రాయడం అందరికీ ఒక ఊపు. కవి ఒకరికి దొరికాడు, పాటగాడు ఇంకొకరికి దొరికాడు. వెతికి రాసినవాళ్ళను వేదికల మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పేవారు. నాకూ ఒకరు దొరికితే బాగుండునని ఉండేది. దొరికాడు.

ఆ ఏడు పీర్ల పండుగ చూడటానికి ఒక ఊరికి వెళ్ళాను. పీర్లను నిలబెట్టే చావిడి తలుపుల మీద లతలు, ఆకులు వేసి ఉన్నాయి. రంగు వెలిసిపోయింది గానీ గీతలో పొగరు పోలేదు. ఎవరు వేశారని అడిగితే, "లడాయి సాబ్" అన్నారు. అసలు పేరు చాంద్ సాబ్. బండ్లకూ తలుపులకూ రంగులు వేసుకునే మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో ఫౌజుకు పోయి వచ్చాడు కనుక ఊరు లడాయి సాబ్ అని పిలిచింది. బర్మా అడవుల్లో ఆయన చేతికి తుపాకీ కంటే కుంచే ఎక్కువ పట్టిందట. లారీల మీద, డేరాల మీద ఆకులూ కొమ్మలూ వేసేవాడు. పైన తిరిగే విమానాలకు కింద అడవి తప్ప ఇంకేమీ కనబడకూడదు. అదీ ఆయన పని. తిరిగి వచ్చాక మళ్ళీ బండ్లకే రంగులు వేశాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు.

ఆయన కోసం ఎండనక వాననక తిరిగాను. అచ్చంపేటలో ఒక ఇంటి తలుపు, కొల్లాపూర్‌లో ఒక పాత దుకాణం బోర్డు దొరికాయి. పుస్తకానికి అవి చాలవు. తలుపులూ బోర్డులూ చూపించి ఒక మనిషిని గొప్ప చిత్రకారుడని ఎలా ఒప్పించను? అప్పుడు ఆయన కూతురు హుస్సేన్ బీ సంగతి తెలిసింది.

ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు వంగిపోయి గోడ పట్టుకుని నడిచేది. తండ్రి యుద్ధంలో ఉండగానే తల్లి చనిపోయింది. అప్పటికి ఈమె పాలు తాగే పిల్ల. మేనత్త కొల్లాపూర్ తీసుకుపోయి పెంచింది. తండ్రి తిరిగి వచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. "మీ అమ్మ మొఖం లడాయిల కూసోని గీసిన. పెద్దగైనంక చూపిస్త" అని కూతురితో ఒకసారి అన్నాడట. చూపించకుండానే పోయాడు. ఆయన పెట్టెలో దొరికిన, ఆ ముఖం గీసిన డేరా గుడ్డను సవతి తల్లి వంటింట్లో పొయ్యి పైన కట్టింది, కప్పు నుంచి మట్టి రాలకుండా. కోపంతో కట్టిందో, గుడ్డ గట్టిగా ఉందని కట్టిందో ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా పోయాక హుస్సేన్ బీ ఆ ఇంటికి వచ్చి గుడ్డ విప్పింది. అంతా మసి. మసి కింద ఒక తల ఉన్నట్టు తెలుస్తుంది, అంతే.

ఆ గుడ్డను తెల్లటి చాదర్‌లో చుట్టి పెట్టుకుంది. నా ముందు విప్పి పరిచింది.

"కడుగుదామంటే భయమైతది బిడ్డా. నీళ్ళు తగిలి ఉన్నది గూడ పోతదేమో. కండ్లు మసక అయితున్నయి. పోకముందు ఒక్కసారి చూడాల్నని ఉన్నది."

"రంగుల పనే నా పని అవ్వా. ఫికర్ చెయ్యకు" అన్నాను.

హైదరాబాదులో ఇలాంటి పాత పటాలను బాగుచేసేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళకు ఇస్తే నెలలు పడుతుంది. పుస్తకం ఆవిష్కరణకు రోజు ఖాయమైంది. అట్ట మీదికి ఆ ముఖం కావాలి. నిజం ఇది. ఆమె కళ్ళు మసకబారుతున్నాయని తొందరపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె నన్ను ఎప్పుడైనా తొందర పెట్టిందా? జీవితమంతా ఆగిన మనిషి ఇంకో నాలుగు నెలలు ఆగకపోయేదా?

ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో, మంచి ఎండలో పని పెట్టుకున్నాను. ముందు ఒక మూల మీద కిరోసిన్ అద్దాను. మసి వదిలింది. కింద ఆకుపచ్చ అంచు చెక్కుచెదరలేదు. అంతా నూనె రంగేనని తేల్చేశాను. ఫౌజులో లారీలకు వేసే రంగు తప్ప ఇంకేం దొరుకుతుంది? ముఖానికి కిరోసిన్ ఘాటు ఎక్కువవుతుందని కుంకుడుకాయలు కొట్టి రసం తీశాను. మా అమ్మ ముక్కుపుడకనూ దేవుడి పటాల చట్రాలనూ దానితోనే తోమేది. పాత పంచె ముక్క ముంచి మెల్లగా తుడిచాను.

కొంగు వచ్చింది. ఒక చెవి, దానికి జుంకా. నుదురు. కళ్ళు. కొద్దిసేపు ఆమె ముఖం మొత్తం నా ముందు ఉంది. ఫోన్ పక్కనే ఉంది. చేతులు తడిగా ఉన్నాయి, పూర్తిగా శుభ్రమయ్యాక ఫోటో తీద్దామనుకున్నాను. ఎందుకంటే ముఖం నిండా చిన్న చిన్న చుక్కలు ఉన్నాయి. బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద. ఈగల మరకలనుకున్నాను. పొయ్యి మీద అన్నేళ్ళు వేలాడిన గుడ్డ కదా. రుద్దాను. పోలేదు. ఇంకొంచెం గట్టిగా రుద్దాను.

పంచె ముక్క ఎర్రమట్టి రంగుకు తిరిగింది. అంచుకు ఫౌజు రంగు వాడినవాడు ముఖానికి మాత్రం వేరే రంగులు కలుపుకున్నాడు, ఏ చెట్టు బంకలోనో. నీళ్ళకు కరిగే రంగులు. బుగ్గ పోయింది. అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. సరిచేద్దామని పక్కన అద్దితే కన్ను చెదిరింది. కన్ను సంగతి చూడబోతే పెదవులు పోయాయి. చివరికి కొంగు, జుంకా పెట్టుకున్న ఒక చెవి మిగిలాయి. మధ్యలో తడిసిన గుడ్డ ఉంది.

నాకు ఏడుపు రాలేదు. పంచె ముక్కను పిండి దండెం మీద ఆరేశాను. దాన్ని ఎందుకు ఆరేశానో ఇప్పటికీ తెలియదు. లోపలికి వెళ్ళి అన్నం తిన్నాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని నా భార్య అడిగింది. సరిపోయిందని చెప్పాను.

మర్నాడు నిజం చెప్పేద్దామని బస్సెక్కాను. ఆమె ఊరి స్టేజీ దగ్గర దిగలేదు. బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోయి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. ఆ దారిలోనే ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందని ఎందుకు అంటున్నాను? నేనే తెచ్చుకున్నాను.

పుస్తకం కోసం హుస్సేన్ బీ ఫోటోలు చాలా తీశాను. వాటిలో ఒకటి ముందు పెట్టుకుని, ముడతలు తీసేసి, బుగ్గలు నింపి, ఇరవై ఏళ్ళ మనిషిని చేశాను. ఆ ముఖాన్ని డేరా గుడ్డ మీద, ఆ కొంగుకూ ఆ చెవికీ మధ్య వేశాను. కొత్తగా మెరుస్తుంటే చాయ్ డికాషన్ అద్ది పాతదాన్ని చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా జీవితంలో నేను వేసిన మంచి బొమ్మ అదే.

పట్టుకుపోయిన రోజు ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చేతులు కొంగుకు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని పటం అందుకుంది. వెలుతురు కోసం తలుపు వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

"గిది నా మొఖమే గద" అంది. "అందరు నన్ను బాపు పోలిక అనేటోళ్ళు. తప్పు చెప్పిన్రు. నేను మా అమ్మ పోలికనే."

నేను పటంలో అసలుగా మిగిలిన ఆ చెవి వైపు చూశాను.

"మా మేనత్త చెప్తుండె. అమ్మకు చిన్నప్పుడు అమ్మోరు పోసి మొఖమంత గుంటలైనయంట. బుగ్గలు, ముక్కు, గదుమ, ఏడ జర జాగ లేకుండెనంట." పటం బుగ్గ మీద వేలితో నిమిరింది. "మా బాపు ఒక్క మచ్చ గూడ పెట్టలే. చూసినవా బిడ్డా? ఎంత ప్రేమ, ఎంత పావురముంటే గట్ల గీస్తడు?"

ఈగల మరకలు కావని నాకు అప్పుడు తెలిసింది.

"నిజమే గద?" అని నా వైపు చూసింది.

"నిజమే అవ్వా" అన్నాను.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తలుపు తెరిచే ఉంది, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, ఆమె అడిగింది కూడా. చెడగొట్టడం చేతి తప్పు అనుకుందాం. మళ్ళీ వేయడం భయంతో చేశాననుకుందాం. మరి ఆ 'నిజమే' అన్నది ఏమిటి? దానికి నాకు ఇప్పటికీ పేరు దొరకలేదు. చాయ్ పెడతానంటే వద్దనలేదు, తాగాను.

అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకంలో ఒక వాక్యం రాశాను. 'లారీలను విమానాల కంటపడకుండా దాచిన చేయి, భార్య ముఖం మీది మచ్చలను కూడా లోకం కంటపడకుండా దాచింది' అని. అందరికీ అదే నచ్చింది. ఆవిష్కరణ రోజు వక్తల్లో ఒకాయన దాన్ని రెండుసార్లు చదివాడు. చప్పట్లు కొట్టారు. హుస్సేన్ బీని ముందు వరుసలో కూర్చోబెట్టారు, ఆమె కూడా కొట్టింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు శాలువా కప్పుకుని కూర్చున్నాను.

నమాజు చదువుకునే ఇంట్లో ముఖం ఉన్న పటం వేలాడదీయకూడదని చుట్టాలు ఒకరిద్దరు అన్నారట. ఆమె దాన్ని మంచం పక్కనే పెట్టుకుని, నమాజు వేళకు పైన తువ్వాలు కప్పేది. తర్వాత తీసేది. నేను వెళ్ళినప్పుడల్లా దాని గురించే చెప్పేది. వెళ్ళడం తగ్గించాను. తర్వాతి చలికాలంలో ఆమె పోయింది. వెళ్ళాను. పటం మీద తువ్వాలు కప్పి ఉంది.

సంతోషంగా పోయింది కదా, ఇంకేం కావాలి, అని నాలోనే ఒకడు అంటుంటాడు. వాడి మాట వినబుద్ధవుతుంది. కానీ ఆమె అమ్మను చూస్తున్నాననుకుని తన ముఖాన్నే చూసుకుంటూ పోయింది. నేను చేసిన పని అది. అమ్మ ముఖం ఆ గుడ్డ మీద డెబ్బై ఏళ్ళు బతికింది. మసిలో, పొగలో, పొయ్యి సెగలో బతికింది. నా చేతిలో ఒక పొద్దు బతకలేదు.

మొన్న ఆమె మనవడు ఫోన్ చేశాడు. ఎవరో ప్రదర్శన పెడుతున్నారట, పటం అడుగుతున్నారట. "ఇయ్యమంటరా సార్?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. పాతది, పాడవుతుందన్నాను. అది పాడవుతుందని నాకు బెంగ! రంగులు తెలిసినవాడు ఎవడైనా దగ్గరికి వచ్చి చూస్తే ఒక్క క్షణంలో పట్టేస్తాడు. అయితే నేనిప్పుడు రాస్తున్నది పశ్చాత్తాపంతోనా, దొరికిపోతానన్న భయంతోనా? నిన్నంతా నన్ను నేను ఇదే అడిగాను. భయం పాలే ఎక్కువేమో. ఆ పిల్లవాడికి ఇంకా చెప్పలేదు. ఈ కాగితం అయ్యాక ఫోన్ చేయాలి. చేస్తానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ మీరు చూశారు.

ఆ అసలు ముఖాన్ని మళ్ళీ వేయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. రాదు. కళ్ళు పెద్దవో చిన్నవో గుర్తులేదు. నవ్విందో లేదో గుర్తులేదు. లోకంలో ఆ ముఖాన్ని చివరగా చూసినవాణ్ణి నేను, నాకే గుర్తులేదు. మచ్చలు మాత్రం గుర్తున్నాయి. ఆ అడవిలో, భార్య పోయిందన్న కబురు విన్న తర్వాతో ముందో, పొద్దంతా లారీలను దాచే మనిషి ఒక్కో మచ్చనూ సన్నని కుంచెతో వెతికి వెతికి పెట్టుకున్నాడు. ఏదీ దాచలేదు.

ఇంతకాలం ఎవరితోనూ అనని మాట అది. రాశాక చేతికి కొంచెం స్పర్శ వచ్చినట్టుంది. అంతకంటే ఏమీ అడగను. ఆ రోజు తలుపు దగ్గర వెలుతురులో, నన్ను అడిగిన మనిషికి నేను చెప్పాల్సింది ఇది.

అవ్వా, మీ బాపు ఒక్క మచ్చ గూడ మర్వలే. బుగ్గల మీద, ముక్కు మీద, గదుమ మీద, అన్ని పెట్టిండు. నేను చూసిన.