ఎర్రగా లేని త్రిభుజం

మా ఆవిడకు కుదురు లేదు. ఈ మాట పెళ్ళైన వారంలోనే అన్నాను, ఇప్పటికీ అంటున్నాను. అన్నం తింటూ మధ్యలో లేచి అల్మరా తలుపు వేసి వస్తుంది. చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, గ్యాస్ కట్టేశానా లేదా అని చూసి వస్తుంది. నేను వడ్రంగిని. ఏదైనా కదలకుండా బిగించి ఉంటేనే నాకు మనశ్శాంతి.

ఆవిడ ఒకటో తరగతి టీచరు. పదకొండేళ్ళుగా తాత్కాలిక టీచరే. ప్రతి వేసవిలోనూ తీసేస్తారు, బడి తెరిచే ముందు మళ్ళీ రమ్మంటారు. ఆ మధ్య రోజుల్లో ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. ఈసారి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆఫీసరు వచ్చి ఒక్క పాఠం వింటాడట, బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తారట. పాఠం ఆకారాలు. రోజు సోమవారం.

ఆ పాఠం ఆవిడకు కొట్టిన పిండి. చేరిన ఏడాదే నా చేత చెక్క ముక్కలు కోయించుకుంది. షాపులో మూడు డబ్బాల్లో అడుగున రంగు మిగిలి ఉంటే, త్రిభుజాలకు ఎరుపు, చతురస్రాలకు నీలం, వృత్తాలకు పసుపు పూసి ఇచ్చాను. త్రిభుజాలన్నీ ఒకే కొలత, మూడు వైపులా సమానం. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. నా పని అలాగే ఉంటుంది, గొప్పకు చెప్పడం లేదు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ తిన్నగా నా షాపుకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిల్లలకి త్రిభుజం రాదండీ," అంది.

"నిన్నే కదా అందరూ గడగడా చెప్పారన్నావు."

"చెక్కముక్క చూపిస్తే చెప్తున్నారు. ఇవాళ ముక్కల సంచీ మర్చిపోయి వెళ్ళాను. బోర్డు మీద సుద్దతో గీశాను, కాస్త సన్నగా, ఒక పక్కకి వాలినట్టు. ఇదేంటర్రా అంటే ఒక్కళ్ళూ నోరు విప్పరు. చివరికి ఆ రెండు జడల పిల్ల లేచి, ఎర్రగా లేదు కదా టీచర్, త్రిభుజం కాదు అంది."

నాకు నవ్వు వచ్చింది. ఆవిడకు రాలేదు.

"ఎర్రగా ఉంటేనే త్రిభుజం అనుకుంటున్నారు. మూలలు ఎవరూ లెక్కపెట్టడం లేదు. ఇన్నేళ్ళ నుంచీ ఇంతేనేమో. నేను ఒక్కసారీ వేరేది చూపించలేదు."

వెంటనే కొత్త ముక్కలు కోసిమ్మంది. సన్నవి, పొట్టివి, వాలినవి, ఒక్కదానికీ రంగు వద్దు. నేను కుదరదన్నాను. సోమవారం పాత ముక్కలే చూపించు, పిల్లలు ఠకీమని చెప్తారు, ఉద్యోగం చేతికొచ్చాక మంగళవారం నుంచి నీ ఇష్టం వచ్చినట్టు నేర్పుకో అన్నాను. ఇప్పుడు మార్చడం కొరివితో తల గోక్కోవడమే అన్నాను. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తెలిసి కూడా వాళ్ళ చేత చిలకపలుకులు పలికించనా?"

"ఒక్క రోజు పలికించు."

ఆవిడ గుమ్మం దిగి వెళ్ళిపోయింది. శనివారమంతా ఇల్లు కొలిచినట్టు తిరిగింది. ఆదివారం మధ్యాహ్నం చూద్దును కదా, వరండాలో కూర్చుని పాత ముక్కల రంగును ఉప్పు కాగితంతో గీకేస్తోంది. వేళ్ళు కందిపోయాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అలా అడ్డంగా రుద్దితే చెక్క పాడవుతుందని తిట్టి, కాగితం లాక్కుని, షాపు తెరిచి పన్నెండు కొత్త ముక్కలు కోశాను. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. అలా వంకరగా కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

సోమవారం నాకు పని మీద చెయ్యి ఆడలేదు. బడిలో కిటికీ రెక్క ఊడిందని హెడ్మాస్టరు ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఆ వంకతో వెళ్ళి, ఒకటో తరగతి కిటికీ బయట సుత్తి పట్టుకుని నిలబడ్డాను.

ఆఫీసరు వెనక పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మా ఆవిడ సన్నటి ముక్క ఎత్తి చూపించింది. ఒకడు "కత్తి" అన్నాడు. ఇంకోటి చూపిస్తే "కొండ" అన్నారు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. గీకకుండా మిగిలిన ఎర్ర ముక్కలు నాలుగు సంచీలో ఉన్నాయని నాకు తెలుసు. తియ్యవే తల్లీ అని లోపల్లోపలే మొక్కుకున్నాను. ఆవిడ తియ్యలేదు. కొత్త ముక్కలు పిల్లల చేతికిచ్చి, కళ్ళు మూసుకుని తడమమంది, గుచ్చుకునే చోట్లు లెక్కపెట్టమంది. గదంతా గోలగోల అయింది. రెండు జడల పిల్ల మూడుసార్లు లెక్కపెట్టుకుని, "ఇదీ త్రిభుజమే టీచర్," అంది. తర్వాత ఇంకో నలుగురు అన్నారు, తర్వాత ఐదుగురు. అంతలో గంట కొట్టారు. ముప్ఫై ఒక్క మందిలో పది మంది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. వెళ్తూ వెళ్తూ, "వాళ్ళకి వచ్చిన పాఠమే చెప్పి ఉంటే పోయేది కదమ్మా, చక్కగా జవాబులు చెప్పేవాళ్ళు," అన్నాడు.

"చెప్పేవాళ్ళే సార్. ఇన్నేళ్ళూ చెప్పారు," అంది మా ఆవిడ.

మరో ఏడాది చూడాలని కాగితం మీద రాసి పోయాడు.

ఇంటికి నడుస్తూ నోటికొచ్చిందంతా అన్నాను. ఆవిడ వినడం లేదు. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెడుతోంది.

"మొదటి ఏడాది పిల్లలకి ఇప్పుడు పదహారేళ్ళుంటాయి కదండీ," అంది. "ఏటా ముప్ఫై మంది అనుకున్నా, మూడొందల పైనే."

"పై క్లాసుల్లో ఎవరో ఒకరు నేర్పే ఉంటారులే."

"నేర్పే ఉంటారు. నేను నేర్పలేదు కదా."

ఉద్యోగం రాకపోతే ఏడుస్తుందని భయపడ్డాను గాని, ఏడుపు దీనికి వస్తుందని అనుకోలేదు. నేను ఆగాను. ఆవిడ ఆగలేదు, కళ్ళు తుడుచుకుంటూ గబగబా నడుస్తూనే ఉంది.