పర్‌ఫెక్ట్ గేమ్‌కి దిష్టిచుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో పైకి అనకూడని మాటలు కొన్ని ఉండేవి. మా మేనత్త జర్మనీలో డాక్టరు. ఆవిడ రాత్రి డ్యూటీకి బయలుదేరుతుంటే "ఇవాళ పెద్దగా పని ఉండదులే" అని ఎవరూ అనకూడదు. ఒకసారి తెలియక నేను అనేశాను. బూట్లు వేసుకుంటున్నదల్లా ఆగిపోయి, "ఓసి నీ నోరు పడ! ఆ మాట పైకి అంటారటే?" అంది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు. వచ్చాక కుర్చీలో కూలబడి, ఎర్రబడ్డ కళ్ళతో నన్ను చూసి, "అంతా నీ నోటి మహిమే" అంది. ఆస్పత్రిలో జర్మన్ నర్సులకి కూడా ఇదే పట్టింపట. రాత్రి ప్రశాంతంగా ఉందని ఎవరైనా అన్నారంటే వెంటనే అంబులెన్సులు వరస కడతాయట. ఇంత చదువు చదివీ ఈ నమ్మకాలేమిటని మావయ్య నవ్వేవాడు. అత్తయ్య మాత్రం నవ్వేది కాదు.

అత్తయ్య మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొత్తల్లోనే జర్మనీలో బ్యోబ్లింగెన్ అనే ఊరు వచ్చి స్థిరపడ్డారు. పిల్లలు లేరు. ఒక వేసవిలో తెనాలి వచ్చినప్పుడు, "దీన్ని నేను చదివించుకుంటానురా" అని మా నాన్నని అడిగి నన్ను తెచ్చుకుంది. అప్పటికి నాకు పదేళ్ళు నిండాయి. విమానం ఎక్కేదాకా అదేదో పెద్ద వేడుక అనుకున్నాను. దిగాక తెలిసింది, ఇక్కడ నాతో గట్టిగా మాట్లాడేవాళ్ళే లేరని.

అత్తయ్య ప్రేమంతా చేతుల్లో ఉండేది, నోట్లో ఉండేది కాదు. తలకి కొబ్బరినూనె మర్దనా చేసి, కళ్ళు పైకి లాక్కుపోయేలా రెండు జడలు వేసేది. ఆ జడలతో స్కూలు బస్సెక్కితే ఒకమ్మాయి ముక్కు మూసుకుని వేరే సీటుకి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచీ నా పక్కనుంచి ఎవరు లేచినా నా నూనె వాసనకే లేచారనిపించేది. ఈ సంగతి అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడ అడిగితేగా! ఇక్కడ నీకు బాగుందా అని ఏడాదిలో ఒక్కసారైనా అడగలేదు. పండక్కో పబ్బానికో నాన్న ట్రంకాల్ చేసి "ఎలా ఉందమ్మా అక్కడ?" అని అడిగేవాడు. ఆ మాట వరకూ వచ్చేసరికి అత్తయ్య సరిగ్గా అప్పుడే గదిలోంచి లేచి వెళ్ళిపోయేది. నేనంటే పట్టింపు లేదు కాబోలనుకునేదాన్ని.

మా ఊరి పక్కన అమెరికన్ సైనికుల కుటుంబాలు ఉండేవి. మా పక్కింట్లో కూడా ఒక కుటుంబం దిగింది. ఆ ఇంటి పెద్దమ్మాయిని నేను అక్క అనేదాన్ని, ఆ పిలుపు ఏమిటో తెలియకపోయినా పలికేది. ఒకరోజు పెరట్లో ఏడుపెంకులాట నా అంతట నేనే ఆడుకుంటున్నాను. పెంకులు దొరక్క చెక్కముక్కలు పేర్చి, దూరంనుంచి బంతితో కొడుతున్నాను. ప్రతిసారీ కూలిపోతున్నాయి. గోడవతలనుంచి అది చూసిన అక్క మర్నాడే నన్ను తమ పిల్లల బేస్‌బాల్ జట్టుకి తీసుకెళ్ళింది. అక్కడ నన్ను పిచర్‌ని చేశారు. అంటే మన క్రికెట్‌లో బౌలర్ వంటిదన్నమాట. తెనాలి వీధుల్లో పెంకులు కూల్చిన చెయ్యి అక్కడ కూడా గురి తప్పలేదు.

మా కోచ్ ఒక సార్జెంటు. పొట్ట ముందు, మనిషి వెనక. ప్రాక్టీసు అయ్యాక మమ్మల్ని గడ్డిలో కూర్చోబెట్టి పర్‌ఫెక్ట్ గేముల కథలు చెప్పేవాడు. ఆట మొదలునుంచి చివరిదాకా అవతలి జట్టువాళ్ళలో ఒక్కడు కూడా మొదటి బేస్, అంటే పరుగులో మొదటి మజిలీ, చేరకుండా పిచర్ అందరినీ వెనక్కి పంపేస్తే దాన్ని పర్‌ఫెక్ట్ గేమ్ అంటారు. పిచర్ ఒక్కడూ బాగా విసిరితే చాలదు. వెనకున్న వాళ్ళలో ఎవరి చేతిలోంచి బంతి జారినా అంతా పోయినట్టే. ప్రొఫెషనల్ లీగులు పుట్టి అన్నేళ్ళయినా అప్పటికి అలాంటి ఆటలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే జరిగాయి. అమెరికా ఛాంపియన్‌షిప్ పోటీల్లోనే ఒకసారి అలా గెలిస్తే క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు, పరుగున వచ్చి చంటిపిల్లాడిలా పిచర్ చంకెక్కాడట. కానీ మా కోచ్‌కి ఇష్టమైన కథ అది కాదు. తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగియాల్సిన ఆట తెగక సాగుతుంటే, పన్నెండు ఇన్నింగ్స్ దాకా ఒక్కడినీ బేస్ చేరనివ్వని పిచర్ ఒకాయన ఉండేవాడు. పదమూడో దానిలో తన జట్టువాడు ఒకడు చేసిన పొరపాటుతో అదంతా పోయింది, ఆట కూడా ఓడిపోయాడు. అది చెప్పినప్పుడల్లా కోచ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఓడిపోయినవాడికి అంత మర్యాద ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక సంగతి మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు. అది చెప్పేది కాదు, పాటించేది. అందుకే నాకు తెలియలేదు.

ఆ ఆదివారం పక్క ఊరి జట్టుతో మ్యాచ్. పొద్దున్నే అత్తయ్య రాత్రి డ్యూటీనుంచి వచ్చి, మామూలుకంటే రెట్టింపు నూనె పెట్టి, మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి, అటునుంచి అటే మైదానానికి వస్తానంది. ఆట మొదలయింది. చెయ్యి హాయిగా తిరుగుతోంది. మొదట్లో బెంచీమీదికి వచ్చినప్పుడల్లా పిల్లలు నా వీపు తట్టి, చూయింగ్ గమ్ ఇచ్చి, చెవులు చిల్లులు పడేలా అరిచారు. ముఖం నిండా గోధుమరంగు చుక్కలున్న కుర్రాడొకడు మరీ ఎక్కువ. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. వాడి నోరు నిద్రలో కూడా మూతపడదని వాళ్ళమ్మే చెప్పేది.

ఆట సగం దాటింది. నేనొచ్చి బెంచీమీద కూర్చున్నాను. పక్కనున్న పిల్లాడు మెల్లిగా అటు జరిగాడు. వాడి వెనక ఇంకొకడు. నీళ్ళ సీసా ఇమ్మని చెయ్యి చాపితే, సీసా నా దగ్గర పెట్టి మొహం తిప్పేసుకున్నారు. చుక్కల కుర్రాడు కూడా నోరు బిగించుకుని బూట్లకేసి చూస్తున్నాడు. కోచ్ కూడా నావైపు చూడలేదు. ఎడమ జడ ముందుకు లాక్కుని వాసన చూసుకున్నాను. నూనె. ఇంకేముంది, ఇక్కడ కూడా అదే అయిందనుకున్నాను.

తర్వాతి ఇన్నింగ్స్ ఏమిటో కూడా పట్టలేదు నాకు. ఈ సాయంత్రం ఇంటికెళ్ళగానే అత్తయ్యతో చెప్పేస్తాను, నన్ను తెనాలి పంపించెయ్యమని. ఏ మాటలతో చెప్పాలో కూడా విసురుతూ విసురుతూనే కూర్చుకున్నాను. ధ్యాస అక్కడుంటే చెయ్యేం మాట వింటుంది? వరసగా మూడు బంతులు పక్కకి పోయాయి. నాలుగోది కూడా పోతే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్ళిపోతాడు. అదృష్టం కొద్దీ ఆ పిల్లాడు తొందరపడి బ్యాట్ ఊపాడు, బంతి గాలిలోకి లేచి క్యాచర్ చేతిలో పడింది. అయినా మా వాళ్ళెవరూ కిక్కురుమనలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

బెంచీ చివర ఒక్కదాన్నే కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాను. వెనక కంచె దగ్గర చప్పుడయితే తిరిగి చూశాను. అత్తయ్య. రాత్రంతా మేలుకున్న మొహం, నలిగిన చీర మీద కోటు. బేస్‌బాల్ అంటే ఆవిడకి ఓనమాలు తెలియవు. కానీ వచ్చి కూర్చున్నదగ్గరనుంచీ జనాన్ని చూస్తూనే ఉందట. ఎవరూ మాట్లాడటంలేదు. జర్మనీ మనిషైన కోచ్ గారి భార్య రెండు బొటనవేళ్ళనీ గుప్పిట్లో బిగించి కూర్చుంది. జర్మన్లు ఒకరికి మంచి జరగాలని అలాగే బిగిస్తారు. ఇంకో పెద్దాయన, దిష్టి తగలకుండా వాళ్ళు చేసేదే, చెక్కబల్ల మీద వేళ్ళతో తడుతున్నాడు. ఏమిటి సంగతని అత్తయ్య అడగబోతే, కోచ్ గారి భార్య బిగించిన గుప్పిటే పెదాలకి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపిందట. అంతే, మా అత్తయ్యకి మొత్తం తెలిసిపోయింది.

నా మొహం చూసింది. ఏమయిందని అడగలేదు. కంటి కొసనుంచి వేలితో ఇంత కాటుక తీసింది. ఎన్ని డ్యూటీలు చేసినా కాటుక లేకుండా గడప దాటే మనిషి కాదు. కంచె సందులోంచి చెయ్యి పెట్టి, నా కుడి బుగ్గమీద ఇంత చుక్క పెట్టింది. పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళి తన చోట కూర్చుంది. కోచ్ అది చూశాడు. చూడనట్టు అటు తిరిగాడు.

బుగ్గ తడుముకున్నాను. దిష్టిచుక్క ఎవరికి పెడతారో తెనాలి పిల్లకి వేరే చెప్పాలా? ముద్దొచ్చే పసివాళ్ళకి పెడతారు. పెళ్ళికూతురికి పెడతారు. ఎవరి కళ్ళూ పడకూడనంత మంచి జరుగుతున్నచోట పెడతారు. వాసనొచ్చే పిల్లకి ఎవరూ పెట్టరు. బెంచీకేసి మళ్ళీ చూశాను. చుక్కల కుర్రాడి గుప్పిట్లోనూ బొటనవేళ్ళు దాక్కుని ఉన్నాయి. అందరి గుప్పిళ్ళూ అంతే. వాళ్ళు నానుంచి జరగడంలేదు, నాకు అడ్డం రాకుండా జరుగుతున్నారు. పైకి అంటే చెదిరిపోతుందని, రాత్రి డ్యూటీలో అత్తయ్యలాగే, అందరూ నాకోసం నోళ్ళు కుట్టేసుకున్నారు. అప్పుడు గాని నాకు వెలగలేదు, కోచ్ కథల్లోది ఇక్కడ, మా పిల్లల ఆటలో, నా చేతిమీదుగా జరుగుతోందని.

ఆఖరి ఇన్నింగ్స్‌కి వెళ్ళాను. మొదటివాడు అవుట్. రెండోవాడు అవుట్. మూడోవాడు కొట్టిన బంతి నేలమీద దొర్లుకుంటూ నేరుగా చుక్కల కుర్రాడి దగ్గరకి వెళ్ళింది. కళ్ళు మూసుకుని పట్టాల్సిన బంతి. అది వాడి కాళ్ళ మధ్యనుంచి జారిపోయింది. బ్యాటర్ మొదటి బేస్ మీద నిలబడ్డాడు.

బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆ మరుక్షణమే నాకు మాటలు వినిపించాయి. అంతసేపు బిగబట్టిన నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఇంగ్లీషు, జర్మన్, రెండూ కాని కేకలు, అన్నిట్లోనూ నా పేరు. "మాఖ్ట్ నిష్ట్స్!" అని క్యాచర్ అరుస్తున్నాడు, ఏం పర్వాలేదని. కోచ్ టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు. పన్నెండు ఇన్నింగ్స్ పిచర్‌కి మల్లే నాకూ! ఆ మర్యాద ఎందుకో అప్పుడు అర్థమయింది. పర్‌ఫెక్ట్ పోయాక కూడా తర్వాతి బంతి విసరాలిగా, అందుకు. విసిరాను. తర్వాతి పిల్లాడిని అవుట్ చేశాను. ఆట గెలిచాం.

చుక్కల కుర్రాడు మాత్రం నిలబడ్డచోటే కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను వెళ్ళేలోపే అత్తయ్య కంచె చుట్టూ తిరిగి మైదానంలోకి వచ్చేసింది. వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "అయ్యో, వీడికి దేవుడే బోలెడు దిష్టిచుక్కలు పెట్టి పంపాడే! అయినా ఇంకోటి ఉండనీ" అని, రెండో కంటి కాటుక తీసి వాడి బుగ్గన పెట్టింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఏడుపు ఆగింది. వాడికి పెట్టడం చూసి క్యాచర్ బుగ్గ చాపాడు. ఆ వెనక జట్టంతా వరస కట్టింది. చివరికి కోచ్ కూడా వంగి బుగ్గ ఇచ్చాడు. అత్తయ్య కళ్ళల్లో కాటుక అయిపోయి, బ్యాగులోంచి డబ్బా తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ ఏ మ్యాచ్‌కీ కాటుక డబ్బా లేకుండా రాలేదు, రానివ్వలేదు వాళ్ళు.

ఇంటికి నడిచి వెళ్తున్నాం. నేనే ఉండబట్టలేక, "అత్తయ్యా, ఇక్కడ నాకు బాగుందా అని నువ్వెప్పుడూ అడగవేం?" అన్నాను. ఆవిడ ఠక్కున ఆగిపోయింది.

"అడిగితే బాగాలేదు, వెళ్ళిపోతానంటావేమోనని భయమే. నిన్ను తెచ్చుకున్నప్పట్నుంచీ పొద్దున్నే నీ జడలు వేస్తుంటే అంత బాగుంటుంది నాకు. ఆ మాట పైకంటే ఎక్కడ దిష్టి తగుల్తుందోనని అన్లేదు" అంది. మొహం తుడుచుకుంటే మిగిలిన కాటుకంతా బుగ్గలకి అంటింది. ఏడాదిపాటు నేను పట్టింపు లేకపోవడం అనుకున్నది ఇదన్నమాట! విసురుతూ విసురుతూ కూర్చుకున్న మాటలన్నీ అక్కడే వదిలేశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచాను. తెనాలి పంపమని ఎన్నడూ అడగలేదు.

ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆటలో మరికొన్ని పర్‌ఫెక్ట్ గేములు జరిగాయి. ఇప్పటికీ అన్నీ కలిపి రెండు డజన్ల చుట్టే తిరుగుతున్నాయి. ఒక ఆటలో ఆఖరి మనిషి అవుటయినా అంపైర్ పొరపాటున కాదన్నాడు. ఆ పిచర్ చిరునవ్వు నవ్వి, తర్వాతి మనిషిని అవుట్ చేసి, మర్నాడు మైదానంలో కన్నీళ్ళు తుడుచుకుంటున్న ఆ అంపైర్‌తో చెయ్యి కలిపాడు. అది టీవీలో చూసినప్పుడు నా చెయ్యి బుగ్గమీదికి పోయింది. అత్తయ్య అప్పటికి లేదు.

ఇప్పుడు నా కూతురు వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. మనవరాలికి నాలుగు నిండాయి. కిటాకి, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్ళడం మొదలుపెట్టాక మనం తెలుగులో అడిగితే అది జర్మన్‌లో జవాబిస్తుంది. దానికి ఇక తెలుగు రాదేమోనని నా కూతురి దిగులు, నాకూ అదే దిగులు. మొన్నొక ఆదివారం అన్నాల దగ్గర అది ఉన్నట్టుండి కిటాలో పెంచుతున్న నత్త కథ తెలుగులో మొదలుపెట్టింది. నత్త ఆకు తింది, నత్త గోడెక్కింది, నత్త పడుకుంది. ఒక్క జర్మన్ మాట లేదు. నా కూతురు ఆనందం పట్టలేక "అమ్మా, చూ..." అనబోతే బల్లకింద తొడపాశం పెట్టాను. అల్లుడు చెంచా చప్పుడు కాకుండా దించాడు. నా బొటనవేళ్ళు వాటంతటవే గుప్పిట్లోకి వెళ్ళిపోయాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కథ ఆఖర్లో నత్త తన ఇంట్లోకి ముడుచుకోవాలి. ఆ పెంకుని ఏమంటారో దానికి తట్టలేదు. "ష్నెకెన్‌హౌస్‌లోకి వెళ్ళిపోయింది" అనేసింది.

బల్లంతా ఒక్కసారి కేకలు, చప్పట్లు. నేను కంటి కొసనుంచి ఇంత కాటుక తీసి దాని బుగ్గన పెట్టాను.

"ఏంటిది అమ్మమ్మా?" అని అడిగింది. తెలుగులోనే అడిగింది. నేను నోరు విప్పలేదు.