మార్తా ఇంటిపేరు

వీర్రాజుకి ముక్కు మీద కోపమని కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో తెలుగువాళ్లందరికీ తెలుసు. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యేదాకా కాగితం లేని సరుకుని ఆయన గేటు దాటనివ్వలేదు. ఎక్కడి ఇనుము, ఎవరు పోతపోశారు, ఎవరు కొలిచారు, అన్నీ రాసి ఉండాలి. లేకపోతే ఎర్ర స్టిక్కరే. వెనకాల 'రిజెక్ట్ రాజు' అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన గర్వపడేవాడే గాని నొచ్చుకునేవాడు కాదు.

అలాంటి మనిషికి ఇప్పుడు మొహం తెలియనివాళ్లు కంప్యూటర్లో ఎర్ర స్టిక్కర్ వేస్తున్నారు.

"మళ్లీ ఫేకంటున్నారే," అన్నాడు లాప్‌టాప్ మూసి.

"అంటే అననివ్వండి. చారు చల్లారిపోతోంది," అంది పద్మిని.

ఆ వస్తువు పేరు మెడల్ బార్. సన్నటి రేకు మీద రంగురంగుల రిబ్బన్లు, వాటికి వరసగా వేలాడే అయిదు పతకాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన ఎవరో ఆఫీసరు ఛాతీ మీద పెట్టుకున్నది. ఆ ఎవరో ఎవరన్నదే తేలడం లేదు. వీర్రాజుకి పతకాల పిచ్చేమీ లేదు. పక్కింటి మార్తాకి మాటిచ్చాడు, అంతే.

మార్తాకి ఎనభై దాటాయి. రెండో యుద్ధం చివర జర్మనీలో ఏదో రైల్వే స్టేషన్లో ఒకావిడ మూడేళ్ల పిల్లని అనాథాశ్రమం వాళ్లకి అప్పగించి, కోటు లోపల కుట్టిన ఈ బార్ చూపించి, "ఇది వీళ్ల నాన్నగారి నాన్నది," అని చెప్పి గుంపులో కలిసిపోయిందట. పిల్ల తన పేరు మార్తా అంది. ఇంటిపేరు చెప్పలేకపోయింది. చలికాలంలో దొరికింది కనక వింటర్ అని రాసుకున్నారు. ఆ పేరుతోనే కెనడా వచ్చింది, బళ్లో పాఠాలు చెప్పింది, పెళ్లి చేసుకోకుండా ముసలిదైంది. ఇక్కడి పద్ధతి ప్రకారం తన సమాధి రాయి ముందే కొని పెట్టుకుంది. దాని మీద మార్తా అని మాత్రం చెక్కించింది. పక్కన ఖాళీ.

"వీర్, నేను పోయాక ఒక సీజన్ పేరు పెట్టుకుని పడుకోలేను. మా తాత ఎవరో కనుక్కో," అంది ఆవిడ. చూపు బాగా తగ్గిపోయింది. పాత చేతిరుమాల్లో మూటకట్టి బార్ ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడు వీర్రాజు బర్నబీ ప్రయాణం హడావిడిలో ఉన్నాడు. అక్కడుండే తమ్ముడు విష్ణుకి మోకాలి ఆపరేషన్. మూట విప్పకుండానే బీరువాలో పెట్టి వెళ్లాడు. తిరిగొచ్చి విప్పి చూస్తే కంచు పతకాలు తళతళలాడుతున్నాయి. వందేళ్ల వస్తువు ఇంత శుభ్రంగా ఉందంటే జర్మనీ సరుకు మరి, అని మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. ఫొటోలు తీసి పతకాల నిపుణులుండే సైట్లో పెట్టాడు. స్టుట్‌గార్ట్‌లో ఉండే డీటర్ అనే పెద్దమనిషి ఒక్కడే మర్యాదగా జవాబిచ్చాడు. బార్ మీద పతకాలు ఇష్టమొచ్చినట్టు పెట్టరట. శిలువ ఆకారంలో ఉండే ఐరన్ క్రాస్ అన్నిటికన్నా ముందు, తరవాత అప్పటి జర్మనీలో ఉన్న రాజ్యాల్లో తన సొంత రాజ్యం ఇచ్చింది, ఆ తరవాతే పరాయివాళ్లవి. వరస తెలిస్తే మనిషిది ఏ రాజ్యమో తెలుస్తుంది, అప్పుడు ఆ రాజ్యం ఆఫీసర్లలో ఈ అయిదూ ఎవరికి వచ్చాయో వెతకచ్చు. ఇందులో ఐరన్ క్రాస్ నడిమధ్యన ఉంది. ఏ జర్మన్ ఆఫీసరూ అలా పెట్టుకోడు. ఎవరో అమ్ముకోడానికి అతికించిన సరుకు.

వీర్రాజు వాదించాడు. మార్తా అబద్ధమాడే మనిషి కాదని రాశాడు. మిగతావాళ్లు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. అల్ట్రావయొలెట్ లైటు వేసి చూడమన్నాడు డీటర్. పాతకాలపు గుడ్డ ఆ వెలుగులో మసగ్గానే ఉంటుందట, ఈ కాలపుది మెరుస్తుందట. లైటు తెప్పించి, కర్టెన్లు మూసి వేశాడు. రిబ్బన్లు, దారం, అన్నీ నీలంగా మెరిసిపోయాయి. తన చేతులమీదుగా జరిగిన పరీక్ష. కాదనడానికి లేదు.

పరీక్షలో పోయినదాన్ని పోయిందని చెప్పకపోవడం ఆయన వల్ల కాదు. వెళ్లి చెప్పేశాడు.

"అయితే స్టేషన్లో ఆవిడ నన్ను వదిలించుకోడానికి ఏదో చెప్పిందన్నమాట," అంది మార్తా. "మంచు కరగ్గానే రాయి చెక్కేవాడు వస్తాడు. వింటరనే చెక్కమంటాను."

ఇంటికొచ్చాక వీర్రాజుకి అన్నం సహించలేదు. కారణం లేకుండా పద్మిని మీద విసుక్కున్నాడు, టీవీ మీద విసుక్కున్నాడు. మంచు ఎత్తిపోసే పారకి కూడా తిట్లు తప్పలేదు.

మార్చి వచ్చింది. వాకిట్లో మంచు నల్లబడి కుంగుతోంది. డీటర్ మళ్లీ ఓ ప్రశ్న పంపాడు. వెనకవైపు ఫొటోలో క్రాస్ అంచున ఎర్రగా ఏదో ఉంది, పాతగా కనపడ్డానికి దొంగలు పూసే రసాయనమేమో చూడమన్నాడు. వీర్రాజు భూతద్దం పెట్టి చూశాడు. ఆ ఎరుపు ఆయన ఎరిగిందే.

"పద్మినీ, ఇలా రా. ఇదేంటి?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గోటితో గీరింది. "కుంకుమండి."

"జర్మనీవాడి పతకానికి కుంకుమెలా వచ్చిందే?"

"దసరాకి ఆయుధపూజ చేశాను కదండీ. మీరు బర్నబీలో ఉన్నారు. మీ కొలతల సామానూ కారు తాళాలూ పెట్టి, పక్కన ఇదీ పెట్టాను. యుద్ధం చేసినాయనది, అంతకన్నా ఆయుధం ఏముంటుంది?"

"పూజ చేసి ఊరుకున్నావా?"

"అంత మురికిది అమ్మవారి ముందు ఎలా పెడతానండీ? చింతపండు పెట్టి తోమాను. రిబ్బన్లు విప్పి సబ్బుపొడిలో నానబెట్టి, ఉతికి, మళ్లీ కుట్టాను. ఆ క్రాసేమో ఓ చివరికి ఉంది, బాగోలేదు. కాసులపేరుకి లాకెట్టు మధ్యలోనే కదా ఉంటుంది. మధ్యకి తెచ్చాను." భర్త మొహం చూసి ఆగింది. "కుట్టు ఎక్కడా వంకర పోలేదు, చూడండి."

వీర్రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచాడు. ఇన్ని నెలలు గొంతు చించుకున్నది, ప్రపంచమంతా నవ్వింది నీ చింతపండు వల్లనా, ఆ లైటులో మెరిసింది నీ సబ్బుపొడా అన్నాడు. పద్మిని కళ్లు తుడుచుకుంటూ, "వచ్చినరోజే విప్పి చూసుకోవాల్సిందండి," అంది. వచ్చింది వచ్చినట్టు ముందు ఫొటో తియ్యమని కొత్తవాళ్లకి వీర్రాజే మొదటి పాఠం నేర్పేవాడు.

ఇద్దరూ కోట్లు తగిలించుకుని పక్కింటికి వెళ్లారు. పద్మిని తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది, ఏమీ దాచలేదు. మార్తా విని, "మా తాతకి పూజ చేశావా?" అని రెండుసార్లు అడిగింది. ఆ తరవాత ఒడిలో తువ్వాలు పరుచుకుని, పతకాలు విడదీసి ఇమ్మంది.

"చిన్నప్పుడు భయమేస్తే దుప్పట్లో వీటిని ఎడమనించి కుడికి తడుముకుంటూ పడుకునేదాన్ని," అంది.

పద్మిని కుట్లు విప్పింది. మార్తా కళ్లు మూసుకుని, ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి వరసగా పెట్టింది. ఐరన్ క్రాస్ మొదట. తరవాతది తీసుకోడానికి ఒక్క క్షణం కూడా ఆగలేదు.

రెండోది వుర్టెంబెర్గ్ రాజ్యం పతకం. వీర్రాజు ఈ వరసా, పద్మిని ఉతికిన సంగతీ రాసి పంపితే డీటర్ జవాబు రావడానికి వారం పట్టింది. ఈ వరసే నిజమైతే, ఈ అయిదూ వచ్చిన వుర్టెంబెర్గ్ ఆఫీసరు తనకి ఒక్కడే కనిపించాడు, పేరు లుడ్విగ్ హైన్లె, అని రాశాడు. కింద ఇంకో ముక్క కూడా ఉంది. విప్పి ఉతికి కుట్టిన బార్‌కి, ఒక ముసలావిడ వేళ్లే సాక్ష్యమైనప్పుడు, తాను పూచీ పడలేనన్నాడు. ఆ వాక్యం చదివి వీర్రాజు పళ్లు కొరికాడు. ఉద్యోగమంతా తాను జనానికి చెప్పింది అదే మాట.

రెండూ మార్తాకి చదివి వినిపించాడు. ఆవిడ హైన్లె, హైన్లె అని నాలుగైదుసార్లు నోట్లో అనుకుంది. తరవాత చూపు ఆనని కళ్లు ఆయన వైపు తిప్పింది.

"నువ్వయితే పాస్ చేస్తావా, వీర్?"

కాగితం లేదు. రిబ్బన్లు ఎప్పటికీ ఆ లైటులో మెరుస్తూనే ఉంటాయి. వీర్రాజు ఆవిడ ఒడిలోకి చూశాడు. వేళ్లు అప్పుడు కూడా తువ్వాలు మీద ఎడమనించి కుడికి కదులుతున్నాయి.

"చేస్తాను," అన్నాడు.

రాయి చెక్కేవాడికి ఫోన్ చేశాడు. వింటర్ వద్దన్నాడు, కొత్త పేరు ఒక్కొక్క అక్షరమే చెప్పి, తిరిగి చదివించుకున్నాడు. ఒకసారి చెక్కితే చెరపడం కుదరదు, ఈ పేరు ఎవరు చెక్ చేశారని అవతలివాడు అడిగాడు.

"నేనే," అన్నాడు రిజెక్ట్ రాజు.