ఒక్కరైనా ఉండమనలేదు

మా నాన్నకి అడగడం చేతకాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయన వాళ్ళమ్మని కూడా అడిగి ఉండడు. దాహమేస్తే "ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి" అంటాడు. ఆకలేస్తే "పొద్దు బాగా ఎక్కినట్టుందే" అంటాడు. మిగతాది మనం అర్థం చేసుకోవాలి. మా అమ్మ ఖాదర్‌బీ ముప్పై ఆరేళ్ళు అర్థం చేసుకుంటూనే బతికి, ఎనిమిదేళ్ళ కిందట పోయింది. తర్వాత ఆ పని నా మీద పడింది. నేను ఎంత బాగా అర్థం చేసుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాన్న పేరు గౌస్ బాషా. సత్తెనపల్లికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో పరుపులు కుట్టేవాడు. మేం దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, శుక్రవారం చదివేది నమాజు. వేసవి వస్తే నాన్న భుజాన దూది ఏకే విల్లు, చేతిలో దబ్బనం, నెత్తిన తువ్వాలుతో ఇంటింటికీ వెళ్ళేవాడు. వసారాలో కూర్చుని గట్టిపడిన పరుపు విప్పి, గడ్డ కట్టిన దూదిని విల్లుతో ఏకేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా అయిపోయేవి. సాయంత్రానికి ఆ దూదే రెండింతలు పొంగి మళ్ళీ గలేబులోకి వెళ్ళేది. ఎవరింట్లో పరుపు ఏ పక్క పల్లం పడిందో ఆయనకి తెలుసు. ఏ మొగుడూ పెళ్ళాలు ఎడమొహం పెడమొహంగా పడుకుంటున్నారో పరుపు చూసి చెప్పగలిగేవాడు. చెప్పేది మాత్రం మా అమ్మకొక్కదానికే. ఊళ్ళో సగం మంది ఆయన కుట్టిన పరుపుల మీదే పుట్టారు.

తర్వాత ఫోము పరుపులు వచ్చాయి. వాటిని ఏకనక్కర్లేదు, ఎండలో వెయ్యనక్కర్లేదు. గత అయిదేళ్ళలో నాన్నకి ఏడాదికి నాలుగు పరుపులొస్తే గొప్ప. దూది దుమ్ముకి పట్టుకున్న దగ్గు మాత్రం వదల్లేదు. మొన్న జనవరిలో జ్వరం తగిలి రెండు రోజులు లేవలేకపోయాడు. మిరప కోతల రోజులు. తెల్లారేసరికి ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. రెండో రోజు సాయంత్రం ఎదురింటి ఎలీసమ్మ కోత నుంచి వచ్చి, తలుపు దగ్గర రెండు రోజుల పాల ప్యాకెట్లు అట్లాగే పడి ఉండటం చూసి లోపలికెళ్ళింది. ఆవిడే నాకు ఫోను చేసింది. నేను కాపురముంటున్న కనిగిరి నుంచి మూడు బస్సులు మారి వెళ్ళేసరికి మర్నాడు మధ్యాహ్నమయింది. నాన్న మంచం మీద నుంచి నన్ను చూసి, "బస్సులు దొరికినట్టున్నాయే" అన్నాడు. ఇక ఆయన్ని అక్కడ ఉంచకూడదని ఆ నిమిషమే నిర్ణయించుకున్నాను.

అంతకు ముందు రెండు సార్లు ఆయన్ని తెచ్చుకోవాలని చూశాను. మొదటిసారి సంచీ సర్దుకుని బస్సు కోసం నిలబడ్డాం. రిటైరైన శ్యామ్ సుందర్ మాస్టారు అటుగా వస్తూ, "ఎక్కడికి బాషా? నువ్వు పోతే నేను పేపరు చదివి ఎవరికి వినిపించాలయ్యా? ఉండు," అన్నారు. మాటవరసకే అన్నారు. నాన్న సంచీ తీసుకుని ఇంటికి నడిచాడు. రెండోసారి వెంకటరావమ్మత్త. ఊళ్ళో ఇరవై ఎకరాల ఆసామి భార్య, నాన్నకి వరసకి అక్క, మాకు అన్నం పెట్టిన ఇల్లు. "మా మనవరాలు అమూల్య పెళ్ళి పరుపులు నువ్వు కుట్టకుండానే పోతావంట్రా?" అంది. అంతే, సంచీ విప్పేశాడు.

మా వైపు ఎవరైనా "ఇక వెళ్ళొస్తా" అంటే, "అప్పుడే ఏం తొందర, ఉండరాదూ" అంటారు. అది మర్యాద. అనేవాళ్ళకీ వినేవాళ్ళకీ తెలుసు. మా నాన్నకి మాత్రం అది మర్యాద కాదు. అడగడం రాని మనిషి కదా, ఎదుటివాళ్ళు తమంతట తాము అన్న మాటే ఆయనకి బలం. అందుకే వెళ్ళిపోతున్నానని చెప్పడానికి ఇల్లిల్లూ తిరుగుతాడు. ఎవరో ఒకరు ఉండమంటారు. ఉండిపోతాడు.

ఈసారి నేను జాగ్రత్తపడ్డాను. ఆయన కాస్త కోలుకున్నాక, ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ ఊరెళ్ళి, ఆయన మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు మూడిళ్ళకి వెళ్ళాను. వెంకటరావమ్మత్త డాబా మీద మిరపకాయలు ఎండబోస్తోంది.

"అత్తా, నాన్న చెప్పి పోవడానికి వస్తాడు. ఉండమనొద్దు," అన్నాను.

"అదేంటమ్మాయ్? మాటవరసకన్నా అనకపోతే ఎట్టా? బాగుంటుందా?"

"మాటవరసకి కూడా వద్దత్తా. ఈసారి జ్వరమొస్తే నేనొచ్చేసరికి ఏమైపోతాడో."

అత్త చేతిలో కాయలు కింద పరిచింది. "సర్లే. నీ తండ్రి, నీ ఇష్టం," అంది.

మాస్టారు, "నువ్వన్నది సబబే," అన్నారు. ఎలీసమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది. "నా నోటితో పొమ్మని ఎట్టా అనేదమ్మా?" అంది.

"పొమ్మనక్కర్లేదు. ఉండమనకు, చాలు," అన్నాను. ఊళ్ళో మాట దాగదు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, మా నాన్నకి తప్ప.

మర్నాడు ఆయన తలంటుకుని తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. వెంకటరావమ్మత్త వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, "అక్కా, అమ్మాయి రమ్మంటోంది. వెళ్ళొస్తా మరి," అన్నాడు.

"మంచి పని చేస్తున్నావురా బాషా," అంది అత్త.

నాన్న ఇంకా వస్తుందన్నట్టు ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, "అమూల్య పెళ్ళి శ్రావణంలోనా?" అన్నాడు.

"ఆ, శ్రావణంలోనే."

"పరుపులకి మంచి పత్తి ఇప్పుడే చూసి పెట్టుకోవాలక్కా."

"ఫోము పరుపులు కొనేశాంరా," అంది అత్త, నా మొహం చూడకుండా.

ఆ మాట నేను చెప్పమనలేదు. నాన్న "మంచిదే, బరువుండవు," అన్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. చివరికి నేనే లేపి తీసుకొచ్చాను.

మూడు రోజులు తిరిగాడు. పరుపులు కుట్టిన ఇళ్ళు అయిపోతే, దిండ్లు కుట్టిన ఇళ్ళకి వెళ్ళాడు. ఆ తర్వాత ఎన్నడూ ఏమీ కుట్టని ఇళ్ళకి కూడా వెళ్ళాడు. అందరూ కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, మంచి పని చేస్తున్నావన్నారు. ఏటా వాళ్ళ పరుపుకి వంక పెట్టి కూలి తగ్గించే ఆయన కూడా, "పెద్దతనంలో బిడ్డ దగ్గరుంటే అంతకన్నా ఏం కావాలి," అన్నాడు. నా మాట ఊరు అంత నిక్కచ్చిగా పాటిస్తుందని నేననుకోలేదు. చిన్నప్పుడు ఈ ఊళ్ళో నా మాట ఒక్కరూ విన్న పాపాన పోలేదు.

మూడో రోజు సాయంత్రం నాన్న గడప మీద కూర్చున్నాడు. నేను గిన్నెలు గోనెసంచీలో సర్దుతున్నాను.

"ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు సఫూరా," అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. 'నేనే వద్దన్నాను నాన్నా, వాళ్ళంతా నీకోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు' అంటే సరిపోయేది. కానీ చెబితే లేచి సంచీ విప్పేస్తాడు. తెల్లారితే ట్రాలీ వస్తోంది. నేను నోరు మూసుకుని గిన్నెలు సర్దాను.

మర్నాడు ట్రాలీలోనే బయల్దేరాం. వినుకొండలో టీకి ఆపితే, కొండ వైపు చూస్తూ, "విల్లు గోడకే ఉండిపోయింది," అన్నాడు. వెనక్కి వెళదామని ఆయన భాషలో అడగడం అది. నాకు అర్థమైంది.

"ఎలీసమ్మ దగ్గర తాళం ఉందిగా, పంపిస్తుందిలే," అన్నాను.

"ఆ, పంపిస్తుంది," అన్నాడు.

కనిగిరిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన మాలిక్ బైకులు బాగుచేస్తాడు, మంచివాడు. మామకి ఆస్పత్రి, మందులు తనే చూసుకున్నాడు. దగ్గు తగ్గింది. ఒళ్ళు కాస్త తేరుకుంది. నేను గెలిచాననే అనుకున్నాను. నాన్న మాత్రం మళ్ళీ ఊరి పేరెత్తలేదు. ఎలీసమ్మ ఫోను చేస్తే, "నువ్వే మాట్లాడమ్మా," అనేవాడు. ఎవరి గురించీ అడిగేవాడు కాదు. వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చే పోయే మంచినీళ్ళ క్యాన్ల బళ్ళని చూస్తూ ఉండేవాడు. ఇంతకు ముందు ఆయన అడక్కపోయినా ఏదో ఒకటి అనేవాడు. ఇప్పుడు ఎండ గురించి కూడా అనడు. ఏం కావాలో నాకు తెలియడం మానేసింది.

ఆషాఢం చివర్లో అమూల్య పెళ్ళి శుభలేఖ వచ్చింది. వెళదాం నాన్నా అన్నాను.

"పిలవాలి కాబట్టి పిలిచారు. మనం వెళితే వాళ్ళకి ఇబ్బంది," అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. డాబా మీద మిరపకాయలు, ఎలీసమ్మ ఏడుపు, మాస్టారు సబబేననడం, అన్నీ చెప్పాను. తప్పయిపోయిందన్నాను. నాన్న శ్రద్ధగా విన్నాడు. విని నా తల మీద చెయ్యి వేశాడు.

"నన్ను ఊరడించడానికి ఇన్ని కల్పించక్కర్లేదు తల్లీ. నేనేమీ అనుకోలేదు."

"ఒట్టు నాన్నా."

"ఒట్టు పెట్టకు. ఊరంతా ఒక ఆడపిల్ల మాట వింటుందా?"

నాకు మొదట కోపమొచ్చింది. నిజం చెబుతుంటే నమ్మడేం? వెంటనే వెంకటరావమ్మత్తకి ఫోను కలిపి స్పీకరు పెట్టాను. "అత్తా, నాన్నకి చెప్పు, ఆ రోజు నేను నీతో ఏమన్నానో."

అత్త అంతా చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. "ఒరే బాషా, ఫోము పరుపులు కొనలేదురా. నువ్వు మళ్ళీ ఆగిపోకుండా మాట గట్టిగా ఉంటుందని నేనే అట్టా అన్నా. పత్తి తీసి పక్కన పెట్టించా. పెళ్ళికింకా పదిహేను రోజులుంది. రారా, వచ్చి కుట్టు. ఈ ఇంట్లోనే ఉండు."

ఉండు. ఆయన మూడు రోజులు ఊరంతా తిరిగి వెతుక్కున్న మాట. నేను నాన్న మొహం చూశాను. నాన్న ఫోను చేతిలోకి తీసుకుని, ఎంతో మర్యాదగా, "అమ్మాయి నీకు శ్రమ పెట్టిందక్కా. అది చెప్పమంటే చెప్తున్నావు. నీ మంచి మనసు నాకు తెలియదా," అన్నాడు. ఫోను ఎలా కట్ చెయ్యాలో తెలియక నా చేతికిచ్చాడు. అవతల అత్త ఇంకా "బాషా, బాషా" అంటూనే ఉంది.

"చెప్పించుకున్న మాటని ఏం చేసుకుంటామమ్మా," అన్నాడు నాతో.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఇక ఆ ఊళ్ళో ఎవరు ఏమన్నా నేను అనిపించిందే అవుతుంది. దేవుడు దిగొచ్చి ఉండమన్నా, సఫూరా పంపించిందనుకుంటాడు. ఆ మాటని పాడుచేసింది నేనే. బాగుచేసే మనిషి లేడు. పెళ్ళి జరిగింది. మేం వెళ్ళలేదు. నాలుగు రోజుల ముందు నిజంగానే ఫోము పరుపులు కొన్నారట.

అక్టోబరు తుఫానుకి ఊళ్ళో మా ఇంటి వెనక గోడ, దాంతో పాటు కప్పూ పడిపోయాయి. దూలం కింద విల్లు రెండు ముక్కలైందని ఎలీసమ్మ ఫోనులో చెప్పింది. నాన్నకి చెప్పాను. "పాత గోడ కదమ్మా," అన్నాడు. ఇప్పుడాయన నమ్మినా వెళ్ళడానికి ఇల్లు లేదు.

ఈ మధ్య ఆయనకి ఒక అలవాటయింది. మా ఇంటికి ఎవరొచ్చినా వెళ్ళనివ్వడు. గ్యాసు బండ తెచ్చినతను, కరెంటు మీటరు చూసే అతను, మాలిక్ కోసం వచ్చిన వాళ్ళు, ఎవరైనా సరే లేచేసరికి, "అప్పుడే ఏం తొందర, ఉండరాదూ. భోంచేసి పోదువుగాని," అని చెయ్యి పట్టుకుంటాడు. మాటవరసకి కాదు, నిజంగానే పట్టుకుంటాడు. విడిపించుకోవాలి. మీటరు అతను ఇప్పుడు గేటు బయట నిలబడే రీడింగు చూసుకుని పోతున్నాడు.

నేను రోజూ పొద్దున్న స్కూలుకి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుని, కాసేపు గుమ్మంలో నిలబడతాను. "వెళ్ళొస్తా నాన్నా," అంటాను. ఊళ్ళో ఆయన చూసినట్టే నేనూ ఆయన మొహం వైపు చూస్తాను.

"మంచి పనమ్మా," అంటాడు.