ఏ వేలో తెలిసిన మేనేజరు గారు

మా బ్యాంకు శాఖకు నాలుగేళ్లు మేనేజరుగా పనిచేసి, రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేసిన పెద్దాయన గత సోమవారం ఉదయం గుండెపోటుతో మరణించారు. ఈ సమాచారాన్ని కార్యాలయపు వాట్సాప్ గ్రూపులో తెలియపరచగా, ప్రతి సందేశానికీ పది నిమిషాల్లో స్పందించాలన్న నిబంధన అమల్లో ఉన్నందున, సిబ్బంది యావన్మందీ పైకెత్తిన బొటనవేలి బొమ్మతో సంతాపం నమోదు చేశారు. సకాల స్పందనకు ప్రాంతీయ కార్యాలయం అభినందనలు తెలిపింది.

ఆయన సేవా దస్త్రంలో "డిజిటల్ నైపుణ్యం: మెరుగుపడవలసి ఉన్నది" అని ఉంది. ఆ వాక్యం రాసింది నేనే. సహాయ మేనేజరుగా పైవారి ప్రశ్నావళి నింపే బాధ్యత నాది. మేనేజరు సమావేశాల్లో తెరపై గ్రాఫులు చూపగలరా? చూపలేరు. ఖాతాదారులను యాప్‌లో చేర్పించే లక్ష్యం చేరారా? లేదు. ఒంటివేలితో టైపు చేస్తారన్న సంగతి వారు అడగలేదు. అది నేనుగా చేర్చాను.

మా శాఖ సత్తెనపల్లి దగ్గరి ఒక పల్లెలో ఉంది. ఖాతాదారుల్లో సగం మంది పత్తికీ మిరపకూ పోయే ఆడకూలీలు. వారి సౌకర్యార్థం వేలిముద్ర చూసి డబ్బిచ్చే యంత్రం వచ్చింది. ఇక చిన్న మొత్తాలు కౌంటరులో ఇవ్వరాదని ఉత్తర్వు కూడా వచ్చింది. యంత్రం తొలిరోజే వారిలో చాలామందిని గుర్తించ నిరాకరించింది. పైవారు యంత్రాన్ని మూడుసార్లు మార్చారు. మేనేజరు గారు మాత్రం ఒక మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ షెడ్డుకు వెళ్లి, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని తానూ తీశారు. సాయంత్రం మండే చేతులతో వచ్చి బొటనవేలు యంత్రంపై పెట్టారు. అది ఒప్పుకోలేదు.

"చూశావుటయ్యా, నేనెవరో దీనికీ తెలీదు," అన్నారు ఎంతో తృప్తిగా.

తొడిమ గిల్లే వేళ్లు అరుగుతాయి. పత్తి ఏరే వేళ్లను కాయ మొనలు గీస్తాయి. పని మారినప్పుడల్లా ముద్ర మిగిలిన వేలు మారుతుంది. ఈ సంగతి కనిపెట్టాక ఆయన యంత్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. భర్తను వారానికి రెండుసార్లు గుంటూరు ఆసుపత్రికి డయాలసిస్‌కు తీసుకువెళ్లే ఒక ముసలావిడ ఎప్పుడూ వరుసలో మొదట ఉండేది.

"ఏమ్మా, పత్తికి పోతన్నావా, కాయలకా?"

"కాయలకేనయ్యా. చేతులు మండిపోతన్నాయి. బేగి కానీ, బస్సెళ్లిపోద్ది."

"అయితే ఎడమచెయ్యి, ఉంగరపు వేలు పెట్టు."

డబ్బు వచ్చేది. తనిఖీకి వచ్చిన అధికారి దీన్ని "ఖాతాదారులతో అనవసర సంభాషణ" శీర్షిక కింద నమోదు చేశారు.

"ఏమండీ, ఇది బ్యాంకా, చేతులు చూసి జాతకం చెప్పే చోటా?" అని కూడా అడిగారు.

"నా జాతకానికి చెయ్యెందుకు సార్, మీ రిపోర్టు చాలు," అన్నారు మేనేజరు గారు.

జాతకం నిజమైంది. చివరి ఏడాది ఆయన్ను డిజిటల్ నాయకత్వ శిక్షణకు పంపారు. "పాఠం బాగుందయ్యా. అందులో మనిషొక్కడూ కనపళ్లేదు," అన్నారు తిరిగొచ్చి. ఏ పనికి ఏ వేలో పట్టిక రాసివ్వమని అడిగాను. "పట్టికెందుకు? అడుగు, చెబుతారు," అన్నారు.

తరువాత వచ్చిన మేనేజరు స్టూలు తీయించారు. ఒక్కొక్కరికి పట్టే సమయం తగ్గింది. డబ్బు రాక వెనుదిరిగినవారికి సమయం మరీ తక్కువ పట్టడంతో సగటు ఇంకా మెరుగై, మా శాఖ ప్రాంతంలో ప్రథమ స్థానం పొందింది. విశ్రాంత మేనేజరు గారు మాత్రం కూలిడబ్బు పడే రోజుల్లో బస్సెక్కి వచ్చి, బయట మెట్ల మీద కూర్చుని, లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ వేలు చెప్పి పంపేవారు. బ్యాంకు ఆవరణలో అనధికార వ్యక్తి ఉన్నాడని ఆయనకొక నోటీసు టైపు చేశాను. ఇవ్వలేకపోయాను. అదొక్కటే నేను ఆయనకు చేసిన ఉపకారం.

మొన్న శుక్రవారం, రెండు నెలల కిందటి కూలిడబ్బు పడింది. ముసలావిడ వచ్చి మెట్ల వైపు చూసి, నా వైపు చూసింది. చెప్పాను.

"ఏ పనికి పోతున్నావమ్మా?" అని అడిగాను, ఆయన అడిగినట్టే.

"పనెక్కడిది బాబూ, నెల్రోజుల్నుంచీ మా ఆయనతో ఆసుపత్రిలోనే ఉంటన్నా. ఖర్చులకని అక్కడే గిన్నెలు తోముతన్నా."

గిన్నెలు తోమితే ఏ వేలు మిగులుతుందో నాకు తెలియదు. ఉంగరపు వేలన్నాను, చిటికెన వేలన్నాను, చెయ్యి మార్చమన్నాను. ఐదోసారికి యంత్రం ఆ రోజుకు ఆమె ఖాతాను మూసేసింది. జేబులోంచి నోట్లు తీసి ఇవ్వబోతే ఆమె వెనక్కి నెట్టింది.

"నా డబ్బు లోపలుందిగా బాబూ," అంది.

గుంటూరు బస్సు హారన్ కొట్టి, కొంచెం ఆగి, వెళ్లిపోయింది. ఆమె మెట్ల మీద కూర్చుని, పది వేళ్లూ ఒళ్లో పరచుకుని, ఒక్కొక్కటే ఎండకు పైకెత్తి చూసుకుంటూ ఉంది.