రేసు కారు మీది పిలుపు

2023 ఆగస్టు 20, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు, మా ఇంటి పైగదిలో అద్దెకుండే అమ్మాయి ఒక రేసు ట్రాక్ పక్కనున్న డేరాలో కారు చక్రం విప్పింది. ఆ సమయం నేను చూసి రాసుకున్నదే. నా చేతి గడియారం సరిచేయించి అప్పటికి వారమే అయింది.

మా ఇల్లు ఎటోబికోలో, విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఉంది. ఆ అమ్మాయి పనిచేసే గోదాములో ఎవరో రెండు టికెట్లు ఊరికే ఇచ్చారు. ట్రాక్ దాకా బస్సు లేదు. "ఆంటీ, మీరు కారు తీస్తే పోదాం. పెట్రోల్ నేను కొట్టిస్త" అంది. డెబ్బై మూడేళ్ళ వయసులో రేసులు చూడాలన్న కోరిక నాకేమీ లేదు. అయినా గంటా ఇరవై నిమిషాలు నడిపి తీసుకెళ్ళాను.

డేరా ముందు ఒక రేసు కారు నిలిపి ఉంది. దాని ఒళ్ళంతా సైనికుల బట్టల మీద ఉండే ఆకుపచ్చ మచ్చలు. తలుపు మీద, సైన్యంలో చేరండి అని పెద్ద అక్షరాలు. అలాంటిదే ఇంకొకటి అవతల ట్రాక్ మీద రొద చేస్తూ తిరుగుతోంది. డేరాలో ఒక పోటీ పెట్టారు. గాలితో తిరిగే రెంచి పట్టుకుని చక్రం విప్పి, మరొకటి బిగించాలి. ఎన్ని సెకన్లు పట్టిందో బోర్డు మీద పడుతుంది. అయితే రెంచి చేతికివ్వకముందే ఒక తెర మీద పేరు, ఫోను, వయసు, ఈ దేశ పౌరులా, ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, అదే పీఆర్, ఉన్నవాళ్ళా అన్నవన్నీ నొక్కించుకుంటున్నారు.

మా పైగది అమ్మాయికి బోర్డు పదకొండు సెకన్లు చూపించింది. నా గడియారంలో పద్నాలుగు. నేను అక్కడే నిలబడి తరువాత వచ్చిన నలుగురినీ లెక్క చూశాను. నలుగురికీ రెండో మూడో తగ్గాయి. రెంచి పట్టుకున్నప్పుడు కాక, నట్టు ఊడాక లెక్క మొదలుపెడుతున్నారు. యూనిఫాంలో ఉన్న ఒక యువతి ఈ అమ్మాయి భుజం తట్టి, ఇంత చురుకైన చేతులు ఈ రోజు మరెవరివీ చూడలేదంది. అదే మాట తరువాత వచ్చిన బట్టతలాయనకూ చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు, "పదకొండు కాదమ్మాయ్, పద్నాలుగు" అన్నాను.

"మీ వాచీ స్లో అయింది ఆంటీ."

"స్లో అయితే తక్కువ చూపిస్తుంది, ఎక్కువ కాదు."

"అబ్బ! మీతోని వాదిస్తే నేనే పిచ్చిదాన్నయిత."

"ఊరికే పొగిడేవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఏదో కాగితం ఉంటుంది."

"ఉండె గదా. నేను నింపిన" అని కిటికీ వైపు తిరిగి నవ్వింది.

ఆమె 2018 సెప్టెంబరులో జగిత్యాల నుంచి చదువు కోసం వచ్చింది. హైదరాబాదులో కన్సల్టెన్సీ వాళ్ళు ఒక హోటల్లో పెట్టిన మేళాలో, రంగుల చక్రం తిప్పితే ముల్లు ఆమె అదృష్టం కొద్దీ ఫీజు మాఫీ దగ్గర ఆగిందట. ఆ రోజు తిప్పిన ప్రతివాళ్ళకూ అక్కడే ఆగిందని ఇక్కడ తోటి అమ్మాయిలు చెప్పుకున్నాక తెలిసింది. ఇష్టపడి కార్ల రిపేరు చదివింది. చదువయ్యాక ఏ గ్యారేజీకి వెళ్ళినా ఇక్కడి అనుభవం ఉందా అని అడిగేవారు. ఒకాయన ఆమె చేతులు చూసి నవ్వాడు. మూడేళ్ళుగా గోదాములో పెట్టెలు స్కాన్ చేస్తోంది. పీఆర్ 2023 మే నెలలోనే వచ్చింది.

"ఆర్మీల వాళ్లే నేర్పిస్తరట ఆంటీ. లారీలు, పెద్ద పెద్ద బండ్లు రిపేర్ చేసుడు. తుపాకి పట్టుకునుడు మొదట్ల కొన్ని రోజులే."

"కొన్ని రోజులంటే ఎన్ని? రాసిచ్చారా?"

"మీకు అన్నీ రాసియ్యాలె."

"ఆ కారు ఒంటి మీద ఇన్ని అక్షరాలున్నాయి కదా, గాయం అన్న మాట ఎక్కడైనా ఉందా?"

"గ్యారేజీ బోర్డు మీద మాత్రం ఉంటదా ఆంటీ, వేలు తెగుతదని?"

ఆ మాట నిజమే. అనుమానం మాత్రం అలాగే ఉంది. రేసుకు వచ్చిన మనిషి చెవులు హోరెత్తి, కళ్ళు మెరుస్తూ ఉన్నప్పుడు అడిగే ప్రశ్న న్యాయమైనది కాదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. మంచి ఉద్యోగమే అయితే చక్రం ఆట ఎందుకు? మామూలు గదిలో కుర్చీ వేసి అడగొచ్చు కదా.

అక్టోబరులో ఆమె దరఖాస్తు పూర్తిచేసింది. తనను బాగా ఎరిగినవాళ్ళ పేర్లు ఇమ్మంటే నా పేరు రాసింది. వంటింట్లో చాయ్ పోస్తూ చెప్పింది.

"ఎవరన్న ఫోన్ చేస్తే మంచిగ చెప్పుండ్రి ఆంటీ."

"ఉన్నదే చెబుతాను."

"అదే నా భయం" అని నవ్వింది. నేనూ నవ్వాను.

2024 మార్చి 12, మంగళవారం, ఉదయం పదకొండుంబావుకు ఫోన్ వచ్చింది. మర్యాదగా మాట్లాడే మగ గొంతు. ఆ అమ్మాయి నడత, తాగుడు, స్నేహాలు, అన్నీ అడిగాడు. అన్నిటికీ మంచి మాటలే చెప్పాను, అవి నిజం కూడా. తరువాత, ఈ ఇంట్లో ఎప్పటి నుంచి ఉంటోందని అడిగాడు. ఒక్క నిమిషం ఆగమని, లేచి వెళ్ళి 2019 డైరీ తెచ్చాను. జనవరి 12, శనివారం, ఉదయం పదీ ఇరవై, రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. చదివి చెప్పాను.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. ఆమె దరఖాస్తులో 2018 సెప్టెంబరు అని ఉందే అన్నాడు.

ఎందుకలా ఉందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. దిగిన కొత్తలో ఆమె బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్లో మరో ఏడుగురు అమ్మాయిలతో ఉంది. ఆ ఇంటాయన ఒక్కరి పేరు మీదే అద్దె కాగితం రాశాడు. మిగతావాళ్ళు అక్కడ ఉన్నట్టే రుజువు లేదు. అలాంటి నెలలకు తరువాతి ఇంటి చిరునామానే వెనక్కి జరిపి రాయడం ఈ పిల్లల్లో అందరూ చేసేదే. తోటివాళ్ళ సంగతిగా అది ఆమే నాకు చెప్పింది, తానూ అలా రాసిందని మాత్రం అనలేదు. అడిగి తెలుసుకుని మళ్ళీ చెబుతాను అనడానికి నాకు నోరుంది. అనలేదు. "నా డైరీలో తప్పు ఉండదు" అన్నాను.

ఆసుపత్రి ల్యాబులో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. సీసా మీది తేదీ, కాగితం మీది తేదీ కలవకపోతే ఆ రక్తాన్ని పారబోయడమే పద్ధతి. ఫోన్ పెట్టేసి ఆ మాటే మనసుకు చెప్పుకున్నాను. కానీ అప్పుడు నా కళ్ళముందు ఉన్నది ల్యాబు కాదు, మచ్చల రంగు కారు. ఇక దానికి ఈ అమ్మాయి దొరకదు అన్న తృప్తి కలిగింది. ఫోన్ వచ్చిన సంగతి ఆమెకు చెప్పాను. ఏం చదివానో చెప్పలేదు.

ఏప్రిల్ 26న జవాబు వచ్చింది. నివాస వివరాలు సరిపోలలేదు, ఫైలు మూసేస్తున్నాం, ఏడాది తరువాత మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆమె ఫోన్ నా ముందు బల్ల మీద పెట్టి నిలబడింది.

"డేట్ చెప్పిండ్రా ఆంటీ?"

"చెప్పాను."

"అబద్ధం చెప్పుమని నేను అనలే. చూసి చెప్త అంటే అయిపోతుండె. నేను వాళ్లకు ఫోన్ చేసి సరిజేసుకుందును."

"అలా రాశానని నువ్వు నాతో ముందే అనాల్సింది."

"మీకు చెప్తే మీరు దాన్ని కూడ రాసి పెట్టుకుంటరు."

నేను ఆ మాటకు లేచిపోబోయాను. ఆమె కుర్చీ అడ్డం జరిపింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"ఒక్కటి చెప్పుండ్రి. డైరీ కోసమే చెప్పిండ్రా, నేను పోవద్దని చెప్పిండ్రా?"

"పోవద్దనే" అన్నాను.

"గా ముక్క నాతోని అనాలె గదా ఆంటీ. వాళ్లతోని ఎందుకు?"

జూన్ 15, శనివారం ఆమె ఎడ్మంటన్ వెళ్ళిపోయింది. అక్కడ తెలిసినవాళ్ళింట్లో దిగి పని వెతుక్కుంటానంది. నన్ను విమానాశ్రయానికి రమ్మనలేదు. టాక్సీ పిలుచుకుంది. గది ఊడ్చి, తాళంచెవి బల్ల మీద పెట్టి, "పోయొస్త" అంది. ఆంటీ అనలేదు.

ఆ డేరా గురించి నా అభిప్రాయం మారలేదు. ఆ పద్నాలుగును పదకొండుగా చూపించినవాళ్ళను నేనిప్పటికీ నమ్మను. అయితే వాళ్ళు ఆమెను అడిగి పేరు రాయించుకున్నారు. నేను అడగకుండా కొట్టేయించాను.

పోయినవి ఇవి. ఆమెకు: దరఖాస్తు పెట్టాక గడిచిన ఆరు నెలలు, మళ్ళీ పెట్టడానికి ఆగవలసిన పన్నెండు నెలలు, చేతికి వచ్చేదేమో అనుకున్న మెకానిక్ పని. నాకు: అయిదేళ్ళ అయిదు నెలల మూడు రోజులు ఒకే ఇంట్లో ఉన్న మనిషి. ఏడాది దాటాక ఆమె మళ్ళీ అప్లై చేసిందో లేదో నాకు తెలియదు. సైన్యానికి: ఏమీ లేదు.